కుడివైపు పూరేకు

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాడు మా అత్త నాకు పొయ్యి చూపించలేదు, దేవుడి అర చూపించలేదు. నా నెత్తిన చుట్టకుదురు పెట్టి, దాని మీద బిందె, బిందె మీద చిన్న బిందె ఎక్కించి, కొండ దింపి రైలు బోగదాలోకి తీసుకెళ్ళింది. లోపల చీకట్లో గోడకు తొలిచిన ఒక గూడు ముందు నిలబెట్టింది.

"ఇదీ మనది," అంది. "రైలు కూత వినపడితే ఇందులోకి దూరి, బిందెలు గుండెలకి అదుముకుని నిలబడు. ఆ పక్క గూడు కదమ్‌లది. చచ్చినా అందులోకి పోకు. వాళ్ళకీ మనకీ మాటల్లేవు."

రైలు పనివాళ్ళు బండి వచ్చినప్పుడు తప్పుకోవడానికి తొలిచిన గూళ్ళవి. మా వాకణ్‌వాడి ఆడవాళ్ళు వాటిని ఇంటికొకటి చొప్పున పంచుకున్నారు. పొలం గట్ల మీద తలలు పగలగొట్టుకున్న ఊరు మాది. బోగదాలో గూళ్ళ దగ్గర మాత్రం ఎన్నడూ తగువు రాలేదు. నీళ్ళకు వెళ్ళేది ఆడవాళ్ళు కాబట్టి సరిపోయింది. మగవాళ్ళే వెళ్ళి ఉంటే ఆ గూళ్ళ మీద కూడా రత్నగిరి కోర్టులో దావాలు నడిచేవి.

మా సహ్యాద్రి కొండల్లో వానాకాలమంతా ఆకాశానికి చిల్లు పడినట్టు కురుస్తుంది. గోడలకు నాచు, మంచాలకు బూజు. హోళీ మంట ఆరేసరికి అదే ఊళ్ళో గొంతు తడుపుకోవడానికి గుక్కెడు ఉండదు. కొండ రాయి అలాంటిది, పడిన నీరంతా జారిపోతుంది. జారని నీరు ఒక్కటే ఉండేదట, ఊరికి ఎగువన రాతి చీలికలో ఒక ఊట. దాని పక్కనే నల్లరాయిలో వెలిసిన అమ్మవారు, ఝరాయి. ఆమెకు తరతరాలుగా గురవ్‌లు, అంటే పూజారులు, మా అత్తింటివాళ్ళు. నా పెనిమిటి విఠూ బతికున్నన్నాళ్ళు ఆయన, ఆయన పోయాక నా మరిది ధాకూ.

గురవ్ చేసే పనుల్లో స్నానం చేయించడం చిన్నది, కౌల్ పెట్టడం పెద్దది. కౌల్ అంటే అమ్మవారిని అడగడం. నూరువరహాల పూరేకులు రెండు నీళ్ళలో ముంచి, ఒకటి అమ్మవారి కుడి భుజానికి, ఒకటి ఎడమ భుజానికి అంటిస్తారు. కుడిది ముందు రాలితే సరే అన్నట్టు. ఎడమది రాలితే వద్దన్నట్టు. పిల్లనివ్వడానికి అడుగుతారు, పశువు తప్పిపోతే అడుగుతారు, బావ మీద కేసు వెయ్యాలా వద్దా అని కూడా అడుగుతారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ, మా ఇంటివాళ్ళు పూరేకు ఎటు రాలితే అటే చెప్పారు. ఆ విషయంలో వాళ్ళ మీద ఒక్క మాట పడనివ్వను.

బోగదా తవ్వడానికీ కౌలే పెట్టారు. ఆ కథ హోళీ పండక్కి పల్లకి ఇంటింటికీ తిరిగేటప్పుడు ధాకూ ఏటా చెప్పేవాడు. చెప్పేటప్పుడు అతని గొంతు మారిపోయేది, పైపంచె సర్దుకునేవాడు.

"మా ముత్తాత నాటి మాట. రైలు కంపెనీ వాళ్ళొచ్చి ఈ కొండకి కన్నం పెడతామన్నారు. కూలీలు గడ్డపార ముట్టలేదు. అమ్మవారి కొండ! అప్పుడు తెల్లసాహెబు తానే నడిచొచ్చాడు. టోపీ తీశాడు, బూట్లు విప్పాడు. చీలికలోకి వంగి దూరాడు. 'గురవ్, ఒప్పుకుంటే ఏ పువ్వు రాలాలి?' అని అడిగాడు. ముత్తాత చెప్పాడు, కుడిది అని. ఇంక చూస్కోండి! సాహెబు తన లాంతరు తానే పట్టుకుని, అమ్మవారి కుడి పక్కన, పువ్వు రాలేదాకా చెయ్యి దించకుండా నిలబడ్డాడు. కూలివాడికివ్వలా, బంట్రోతుకివ్వలా. తెల్లవాడికి అంత భక్తి! అమ్మవారు కరగదా మరి?"

ఊరంతా చేతులు జోడించేది. నేనూ జోడించాను. నా మనవలకు ఆ కథ చెబుతూ అన్నం కలిపి పెట్టాను కూడా.

పువ్వు రాలింది, కొండకు కన్నం పడింది. లోపల రాయి కూలి మనుషులు పోయారు, మందు పేలి పోయారు. పోయినవాళ్ళ పేర్లు ఎవరూ ఎక్కడా చెక్కలేదు. బోగదా సగంలోకి వచ్చేసరికి గోడలోంచి నీళ్ళు ఉరికాయట. ఆ వేసవికే పైన ఊట ఎండిపోయింది. చీలికలో తడి మచ్చ మాత్రం మిగిలింది, తర్వాత అదీ పోయింది. కొండ కడుపులో నీరంతా పట్టాల పక్క కాలవలోకి దిగిపోయిందని పసిపిల్లకైనా తెలుస్తుంది. ఊరు మాత్రం ఏమందో తెలుసా? "అమ్మవారే సరేనంది కదా. ఇక ఎవరితో పోట్లాడతాం?" అంది. నీళ్ళతో పాటు అమ్మవారూ బోగదాలోకి వెళ్ళిందని నిశ్చయించి, ఆ నల్లరాయిని పెకలించి మోసుకెళ్ళి, నీరు ఉరికేచోట ఒక గూట్లో నిలబెట్టారు. రైలువాళ్ళు పోనీలే అన్నారు. హోళీకి పల్లకి లోపలికి వెళ్ళినప్పుడు స్టేషను మాస్టరు గూడ్సు బండిని కాసేపు ఆపేవాడు. అదొక్కటే వాళ్ళు మాకు చేసిన ఉపకారం.

అప్పటినుంచి ఇంటింటి ఆడదీ కొండ దిగడం, బండికీ బండికీ మధ్య కాలవలో ముంచుకోవడం, ఎక్కడం. బొగ్గింజన్ల రోజుల్లో మా అత్త మోసిన నీళ్ళ మీద మసి తెట్టు కట్టేదట. గుడ్డలో వడగట్టి తాగేవారు. నా రోజులకు డీజిలు వచ్చింది, మసి పోయి నూనె వాసన వచ్చింది. బండి పోతున్నంతసేపు గూట్లో వీపు రాతికానించి, ఊపిరి బిగబట్టి, పక్క గూట్లో కదమ్‌ల కోడలు సాళూ దగ్గు వింటూ నిలబడేదాన్ని. పైన ఊళ్ళో మేమిద్దరం ఎదురుపడితే మొహాలు తిప్పుకోవాలి. కింద చీకట్లో ఎవరు చూడొచ్చారు? "ఏమే, మీ అత్త ఇంకా ఉందా?" అని అది అడిగేది. "మీ మామ కంటే ముందు పోనని ఒట్టేసుకుంది," అని నేననేదాన్ని.

తర్వాత రైలువాళ్ళు కొండకు అటు పక్కన పెద్ద లైను వేసుకున్నారు. మా బోగదాలోంచి పట్టాలు ఊడబీక్కుపోయారు. మగవాళ్ళు స్టేషను పోయింది, టీ కొట్టు పోయింది, ఊరు చచ్చిందని ఏడ్చారు. మేం ఏడవలేదు. అవే మా మంచి రోజులు. బండి లేదు, పొగ లేదు, పరుగు లేదు. కాలవలో నీళ్ళు అద్దంలా ఉండేవి. మిట్టమధ్యాహ్నం ఎండలో లోపల మాఘమాసపు చలి. గూళ్ళలో కూర్చుని జుట్టు దువ్వుకున్నాం, పెళ్ళిపాటలు పాడుకున్నాం, అత్తల్ని తిట్టుకున్నాం. నా జన్మలో నాకంటూ ఒక గది ఉందంటే అది ఆ గూడే.

అప్పుడు పుణె నుంచి నింబాళ్కర్ దిగాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట, కనపడ్డ ప్రతి ముసలిదానికీ 'ఆజీ' అని, అంటే అవ్వా అని, దండం. బోగదాని రైలువాళ్ళ దగ్గర లీజుకు తీసుకున్నాడట, అందులో పుట్టగొడుగులు పెంచుతాడట. అదే చలి, అదే చీకటి, అదే నీరు వాటికి కావాలట.

సాళూ పక్కున నవ్వింది. "శ్రావణంలో మా పెంటకుప్ప మీద కూడా లేస్తాయి సాహెబ్. ఆ మాత్రం దానికి పుణె నుంచి రావాలా?"

అతనూ నవ్వాడు. "ఇవి వేరే రకం ఆజీ. పెద్ద హోటళ్ళకి పోతాయి. రెండు చివర్లా తలుపులు పెడతాం, లేకపోతే దుమ్ముకి పాడైపోతాయి. మీరింక కొండ దిగక్కర్లేదు. పైపు వేస్తాను, ఇంటింటికీ కుళాయి. అమ్మవారికి ఊళ్ళోనే పలకరాళ్ళ గుడి కట్టిస్తాను."

మగవాళ్ళ కళ్ళు కుళాయి మాట కంటే గుడి మాటకు ఎక్కువ మెరిశాయి. నేను అడిగాను, "ఎండాకాలం మీ పుట్టగొడుగులకి దాహం వేస్తుంది, మాకూ వేస్తుంది. ముందు ఎవరికిస్తావు బాబూ?"

"నీళ్ళు బోలెడున్నాయి కదా ఆజీ."

"బోలెడున్నప్పుడు ఎవరైనా ఇస్తారు. లేనప్పుడు సంగతి చెప్పు. అది రాసిచ్చి, తర్వాత తలుపు పెట్టుకో."

సర్పంచ్ కదమ్ నా వైపు చూడకుండా గొంతు సవరించుకున్నాడు. అతని కొడుక్కి అక్కడ కాపలా ఉద్యోగం అప్పటికే ఖాయమైంది. "ఇందులో మనమెవరం చెప్పడానికి? ఇల్లు అమ్మవారిది. ఆవిణ్ణే అడుగుదాం. ధాకూ కాకా, కౌల్ పెట్టు."

దానికి ఎవరు కాదంటారు? మామూలుగా కౌల్‌కి అమ్మవారిని పల్లకిలో ఊళ్ళోకి తెచ్చేవాళ్ళం. ఈసారి ఆమె ఇంటి సంగతే కాబట్టి బోగదాలోనే పెట్టాలన్నారు. పొద్దున్నే ఊరంతా లోపలికి వెళ్ళింది. ముందు మగవాళ్ళు, వెనక మేము. ధాకూ అమ్మవారికి స్నానం చేయించి, ఎప్పటిలాగే ఎడమ పక్కన కూర్చుని, పూరేకులు ముంచి అంటించాడు. "అమ్మా, తలుపులు పెట్టనిస్తావా?" అని అడిగాడు.

పువ్వు రాలలేదు. ఎలా రాలుతుంది? లోపల గాలే తడి. రాయి చెమట పోసుకుంటూనే ఉంటుంది. కూర్చున్నవాళ్ళకు కాళ్ళు తిమ్మిరెక్కాయి, పిల్లలు ఏడ్చారు, బయట ఎండ నడినెత్తికి వచ్చింది. రెండు పూరేకులూ అంటించినవి అంటించినట్టే ఉన్నాయి. ఝరాయి ఇష్టం లేక మాట్లాడటం లేదని ముసలివాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. నాకు ధైర్యం వచ్చింది.

నింబాళ్కర్ వంగి, ధాకూ చెవి దగ్గరగా అడిగాడు. నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. "కాకా, సరే అంటే ఏ పువ్వు రాలాలి?"

ధాకూ మొహం వెలిగిపోయింది. చదువుకున్నవాడు, పట్నంవాడు అడిగాడు కదా. "కుడిది సాహెబ్. అమ్మవారి కుడి."

"చీకట్లో పెద్దవాళ్ళకి కనపడటం లేదు," అన్నాడు నింబాళ్కర్. బయటికి వెళ్ళి, జనరేటరు పెట్టించి, పెళ్ళిళ్ళలో పెట్టే పెద్ద దీపం ఒకటి మోయించుకొచ్చాడు. తానే పట్టుకుని అమ్మవారి కుడి పక్కన నిలబెట్టాడు.

వెనక నిలబడ్డ నాకే ఆ సెగ తగిలింది. రాయికి కుడి భాగాన మెరుపు పోయింది. తడి ఆరి బూడిద రంగు వచ్చింది. ఎడమ భాగం ఇంకా చెమర్చి మెరుస్తూనే ఉంది. కుడి పూరేకు అంచు వంకర తిరగడం నా కళ్ళతో చూశాను. అప్పుడు నాకు లాంతరు గుర్తొచ్చింది. బూట్లు విప్పి, చెయ్యి దించకుండా నిలబడ్డ భక్తుడు గుర్తొచ్చాడు. నా ఒళ్ళంతా ఒక్కసారి మండిపోయింది.

"దీపం ఎడమ పక్కకి జరపండి!" అని అరిచాను. "జరిపి అడగండి! అప్పుడు చూద్దాం మీ అమ్మవారేమంటుందో!"

మగవాళ్ళంతా వెనక్కి తిరిగి నన్ను చూశారు. వాళ్ళు నన్ను చూస్తుండగానే పువ్వు రాలింది. డోళ్ళు మోగాయి. బోగదాలో డోలు మోగితే మనిషి అరుపు వినపడదు. సాళూ నా మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకొచ్చింది.

సాయంత్రం ధాకూ ఇంటికి వెళ్ళాను. రాగిరొట్టె, ఉలవపిండి కూర ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ముక్క తుంచడం ఆపాడు.

"భావోజీ, హోళీకి చెప్పే కథ ఒకసారి చెప్పండి," అన్నాను. మా వైపు మరిది భావోజీ, వదిన వైనీ.

"ఇప్పుడా? ఏంటి వైనీ..."

"చెప్పండి. సాహెబు లోపలికి దూరాడు. ఏమడిగాడు?"

"ఒప్పుకుంటే ఏ పువ్వు..." అంటూనే ఆగిపోయాడు. రొట్టె పళ్ళెం పక్కకి జరిపాడు. అతనికి తెలిసిపోయిందని నాకు తెలిసింది.

"రేపు ఒప్పందం మీద ఊరి సంతకాలట," అన్నాను. "నేను చెప్తే విధవ ముండ వాగుడంటారు. మీరు గురవ్. మీరొక్క మాట చెప్తే ఆగుతారు. దీపం తీసేసి మళ్ళీ కౌల్ పెడతాననండి, చాలు. వేరే ఏమీ అనక్కర్లేదు."

"దీపం సెగకి లొంగే దేవతైతే," అన్నాడు నెమ్మదిగా, "నేనూ, అన్నా, మా నాన్నా ఇన్నేళ్ళూ ఎవరికి స్నానం చేయించినట్టు వైనీ?"

"రాతికి చేయించారు. నీళ్ళు మాత్రం నిజం. ఆ నిజాన్నైనా కాపాడండి."

అతను రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. అతని భార్య లోపలినుంచి వచ్చి, "పొద్దున్నుంచీ ఉపవాసముండి ఇప్పుడే కూర్చున్నారక్కా. ముద్ద దిగనివ్వండి," అంది. నేను వచ్చేశాను. ముద్ద దిగిందో లేదో నాకు తెలియదు. మర్నాడు సంతకాల్లో మొదటిది మాత్రం అతనిదే.

తలుపులు పడ్డాయి. ఇనప తలుపులు, ఆకుపచ్చ రంగు, కదమ్ కొడుకు కుర్చీ. మా గూళ్ళలో అరలు కట్టి పుట్టగొడుగుల సంచులు పేర్చారని వాడే చెప్పాడు. "మీ గూట్లో బాగా పెరుగుతున్నాయి ఆజీ," అన్నాడు వెధవ, నన్ను సంతోషపెడదామని. అమ్మవారు పలకరాళ్ళ గుడిలోకి వచ్చింది. ఇంటింటికీ కుళాయి వచ్చింది. వానాకాలంలో బ్రహ్మాండంగా పారింది. గుమ్మంలో జలపాతం దూకుతుంటే కుళాయి ఎవడిక్కావాలి?

ఆ హోళీకి ధాకూ కథ చెప్పలేదు, గొంతు బాగోలేదన్నాడు. ఊరు ఊరుకుంటుందా? సర్పంచే అందుకున్నాడు. తెల్లసాహెబు లాంతరు చెప్పి, దానికి నింబాళ్కర్ సాహెబు దీపం కూడా తగిలించాడు. జనం మళ్ళీ చేతులు జోడించారు. నేను పల్లకికి పసుపు కుంకుమ పెట్టకుండా తలుపేసుకున్నాను.

పండగ వెళ్ళిన పక్షానికే కుళాయి దగ్గింది, గురక పెట్టింది, ఆగిపోయింది. బోగదా మధ్యలో నీరు పుట్టేచోటే తొట్టి కట్టుకున్నారు వాళ్ళు. ముందు పుట్టగొడుగులకు, మిగిలితే మాకు. మిగల్లేదు. తలుపు కిందనుంచి కాలవలోకి వచ్చేది సంచులు కడిగిన నల్లనీళ్ళు, గేదెలు కూడా మూతి పెట్టలేదు. అడగడానికి వెళితే, "అమ్మవారు ఒప్పుకున్న పని కదా," అన్నాడు నింబాళ్కర్, అదే మెత్తటి గొంతుతో.

ఎక్కడో లోయలోంచి ట్యాంకరు రావడం మొదలైంది. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. గూళ్ళ దగ్గర ఎన్నడూ తగువు పడని ఆడవాళ్ళం ట్యాంకరు గొట్టం దగ్గర జుట్లు పట్టుకున్నాం. సాళూ నన్ను తోసింది. నా బిందె రాయికి తగిలి సొట్ట పడింది. చీకట్లో అన్నేళ్ళు పక్కపక్కన నిలబడ్డవాళ్ళం, పట్టపగలు ఒకరినొకరు "నీ వంశం ఎండ" అని తిట్టుకున్నాం. ఆ తిట్టు నాకు ఇంకా నొప్పి. అది తిట్టినందుకు కాదు, నేను తిట్టినందుకు.

వైశాఖంలో కుర్రాళ్ళకు రోషం వచ్చింది. గునపాలు పట్టుకుని తలుపులు పగలగొడతామన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. అప్పుడు పెద్దవాళ్ళు కూడి ఏం తేల్చారు? "అమ్మవారు సరేనని పెట్టించిన తలుపులు. ఆమె మాట లేకుండా ముడితే ఊరికి అరిష్టం. ముందు కౌల్ పెట్టాలి." కుర్రాళ్ళు గునపాలు గుడి గోడకు చేరేసి కూర్చున్నారు. గునపం పట్టిన చేతికి కూడా పువ్వు రాలాలి మా ఊళ్ళో!

ఎండ నిప్పులు చెరుగుతున్న వేళ ధాకూ నా గుమ్మం ముందు నిలబడ్డాడు. తడి లేక పెదాలు చీలి ఉన్నాయి. చేతిలో ఖాళీ రాగి చెంబు.

"వైనీ, ఒక్క చెంబు నీళ్ళు. కౌల్‌కి."

"మీ ఇంట్లో లేవా?"

"అయిపోయాయి. ఎవరింటికెళ్ళినా తలుపేసుకుంటున్నారు."

"దీపం ఈసారి ఏ పక్కన పెడుతున్నారు, భావోజీ?"

అతను గడప మీద కూలబడ్డాడు. ఖాళీ చెంబు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"దీపం అక్కర్లేదు వైనీ," అన్నాడు. "ఈ ఎండకి అంటించడం తరువాయి, రెండూ ఒక్కసారే రాలిపోతున్నాయి. సరేనో వద్దో తెలియదు. మళ్ళీ తడపడం, మళ్ళీ అంటించడం. పొద్దున్నుంచీ అదే పని. ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ అలాగే అయిపోయాయి. మా మనవరాలికి పొద్దున్నుంచీ గుక్కెడు లేదు."

నా బిందెలో అడుగున కాసిని ఉన్నాయి. పిల్లకని ఒక గిన్నెలో తీసి మూత పెట్టాను. మిగిలినవి అతని చెంబులో వంచాను. అతను లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాను.

"తాగండి."

"కౌల్‌కి వైనీ..."

"ఇక్కడే తాగండి. నా కళ్ళ ముందు."

చెంబు ఎత్తాడు. మొదటి గుక్కకే మొహం చిట్లించాడు. "మందు వాసన. మన నీళ్ళలా లేవు."

"ట్యాంకరు నీళ్ళు. మన నీళ్ళు వాళ్ళకిచ్చెయ్యడానికి మీ అమ్మవారు సరేనంది కదా."

 ఆఖరి చుక్క దాకా తాగాడు. గుడి దగ్గరనుంచి సర్పంచ్ కేకేశాడు, "గురవ్ కాకా! నీళ్ళు దొరికాయా?"

ధాకూ నా వైపు చూశాడు. చెంబు గడప మీద బోర్లించాడు.

"దొరకలేదు!" అని కేకేశాడు.

నీళ్ళు లేవు కాబట్టి కౌల్ జరగలేదు. కౌల్ జరగలేదు కాబట్టి గునపాలు ఎవరూ ముట్టలేదు. చీకటిపడే ముందు కుర్రాళ్ళు వాటిని ఎవరిది వాళ్ళు ఇళ్ళకు మోసుకుపోయారు. నేను మూత పెట్టిన గిన్నె తీసుకుని పిల్లకు ఇవ్వడానికి ధాకూ ఇంటికి నడిచాను. తొణకకుండా, మెల్లగా.